ఐసీయూ అల్ట్రాసౌండ్, న్యూక్లియర్ ఫిజిక్స్: ఒకే పేరు కింద ఉన్న పేపర్లను ఎలా చదవాలి?

ఒక పరిశోధకుడి పేరు కొట్టి వెతికితే పేపర్ల జాబితా తెరుచుకుంది అనుకుందాం. మొదటిది, బీపీ పడిపోయిన రోగికి మంచం దగ్గరే గుండె అల్ట్రాసౌండ్ చేయడం గురించి. రెండోది, ఊపిరితిత్తుల్లో నీరు చేరిందో లేదో ప్రోబ్‌తో, అంటే ఒంటి మీద ఆనించే అల్ట్రాసౌండ్ పరికరంతో, గుర్తించడం గురించి. మూడోదాని దగ్గర కన్ను ఆగిపోతుంది: బంగారు కేంద్రకాలను దాదాపు కాంతివేగంతో ఢీకొట్టించినప్పుడు పుట్టే కణాల లెక్క. నాలుగోది మళ్లీ ఐసీయూ. అన్నిటికీ పైన పెద్ద అక్షరాల్లో మొత్తం పేపర్లు, మొత్తం సైటేషన్లు (వాటిని ఇతర పేపర్లు ఎన్నిసార్లు ఉదహరించాయో), ఈ రెంటినీ కలిపి కట్టే హెచ్-ఇండెక్స్ అనే అంకె.

చూసినవాళ్లలో ఒకరు "అబ్బో, ఎంత ప్రతిభ" అంటారు. ఇంకొకరు "ఇందులో ఏదో మతలబు ఉంది" అంటారు. ఇద్దరూ తొందరపడుతున్నట్టే. పేరు ఒకటే అయిన ఇద్దరు మనుషుల పేపర్లు కలిసిపోయి ఉండొచ్చు. ఒకే మనిషి ఫిజిక్స్ చదివి, తర్వాత వైద్యంలోకి వచ్చి ఉండొచ్చు. అయితే వీటిలో ఏది నిజమైనా, ఆ రెండు రంగాల పేపర్లను కలిపి కూడితే వచ్చే అంకెకు మాత్రం పెద్దగా అర్థం ఉండదు. రెండు చోట్లా "రచయిత" అనే మాటకు వేరే వేరే కొలతలు ఉండటమే దానికి కారణం.

ముందు, ఇది ఒక్కరేనా?

వైద్య, జీవశాస్త్ర పేపర్లకు పెద్ద సూచిక పబ్‌మెడ్. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం దాన్ని నడుపుతుంది. అందులో రచయితల పూర్తి పేర్లు ఎక్కించడం 2002 నుంచే మొదలైంది. అంతకు ముందు పేపర్లకు చాలావరకు ఇంటిపేరు, పక్కన ఒకటి రెండు పొడి అక్షరాలు మాత్రమే దొరుకుతాయి. అలా వెతికితే కొన్ని పేర్లకు వందల మంది తగులుతారు. చైనా, కొరియా పేర్లతో చిక్కు ఇంకా ఎక్కువ, ఎందుకంటే అక్కడ కొద్దిపాటి ఇంటిపేర్లనే కోట్ల మంది పంచుకుంటారు. పెళ్లి తర్వాత ఇంటిపేరు మార్చుకున్నవాళ్లది దీనికి తలకిందుల కథ. ఒక్క మనిషి పేపర్లు ఇద్దరివిగా చీలిపోతాయి.

ఇక్కడొక తమాషా ఉంది. పబ్‌మెడ్‌లో ఫిజికల్ రివ్యూ లెటర్స్ లాంటి పత్రికలు కనిపిస్తాయి గానీ న్యూక్లియర్ ఫిజిక్స్ రంగం మొత్తం అక్కడ ఉండదు. కణ భౌతికం వాళ్లు వాడే ఇన్‌స్పైర్ సూచికలో ఐసీయూ పేపర్లు ఉండవు. కాబట్టి ఒక్కో రంగం వాళ్లు తమ సూచికలో చూస్తే ఆ వ్యక్తి సగమే కనిపిస్తారు. మొత్తం బొమ్మ కావాలంటే గూగుల్ స్కాలర్, స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ లాంటి అన్ని రంగాల సూచికల దగ్గరికే వెళ్లాలి. అక్కడేమో పేపర్లను మనుషులకు అంటగట్టే పనిలో ఎక్కువ భాగం కంప్యూటర్‌దే. అంటే రెండు రంగాలూ ఒకేచోట కనిపించే జాగాలోనే ఇద్దరు మనుషులు ఒకరైపోయే ప్రమాదమూ ఎక్కువ. గూగుల్ స్కాలర్‌లో కొత్త పేపర్లు వాటంతట అవే చేరిపోయేలా పెట్టుకుని, ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆ పేజీ వైపు తొంగి చూడనివాళ్లు బోలెడుమంది. పేజీ తప్పుగా ఉన్నంత మాత్రాన దాని యజమాని మోసం చేసినట్టు కాదు.

2012లో మొదలైన ఆర్కిడ్ గుర్తింపు ఈ గొడవ తగ్గించడానికే వచ్చింది. ఒక్కో పరిశోధకుడికి 16 స్థానాల సంఖ్య, పేరు మారినా అది మారదు. అయితే ఆర్కిడ్ పేజీలో పేపర్లను ఎవరికి వాళ్లే చేర్చుకోవచ్చు. అందుకే ప్రతి పేపరు కింద దాన్ని ఎవరు చేర్చారో రాసి ఉంటుంది. ప్రచురణ సంస్థల నుంచి నేరుగా వచ్చిందయితే నమ్మకం ఎక్కువ, సొంతంగా కలుపుకున్నదయితే ఒకసారి పేపరు తెరిచి చూడాలి.

అన్నిటికంటే గట్టి ఆధారం పేపర్ల లోపలే దొరుకుతుంది. ఫిజిక్స్ పేపర్లలో రచయిత పేరు పక్కన చిన్న గుర్తు పెట్టి, అడుగున "ప్రస్తుత చిరునామా" అని రాసే అలవాటుంది. పని చేసినప్పుడు ఒక ప్రయోగశాలలో ఉండి, పేపరు వచ్చేసరికి వేరే చోటికి వెళ్లినవాళ్ల కోసం అది. అక్కడ ఏదైనా వైద్య కళాశాల పేరు కనిపిస్తే సగం అనుమానం తీరినట్టే. రెండు రంగాల మధ్య వంతెనలాంటి పేపర్లు, అంటే రేడియేషన్ డిటెక్టర్ల మీదో, మెడికల్ ఇమేజింగ్ మీదో, రేడియోథెరపీ డోసు లెక్కల మీదో వచ్చినవి ఉన్నాయేమో కూడా చూడాలి. ఇవేవీ లేకుండా, ఒకే ఏడాది ఒక ఖండంలో వార్డు డ్యూటీ, ఇంకో ఖండంలో యాక్సిలరేటర్ (కణాలను వేగంగా పరిగెత్తించే యంత్రం) షిఫ్టు కనిపిస్తే ఇద్దరు మనుషులనే అనుకోవడం మంచిది.

ఒక్కరే అయితే, అదేమంత వింత కాదు

1880లో పియర్ క్యూరీ, ఆయన అన్న జాక్ కలిసి, క్వార్ట్జ్ లాంటి స్ఫటికాలను నొక్కితే వాటి మీద విద్యుదావేశం పుడుతుందని చూపించారు. మరుసటి ఏడాది దీనికి విలోమం కూడా నిజమేనని తేల్చారు: విద్యుత్ ఇస్తే స్ఫటికం ఆకారం కాస్త మారుతుంది. అల్ట్రాసౌండ్ ప్రోబ్‌కు ఇదే ప్రాణం. కరెంటు ఇస్తే కంపించి శబ్దం పంపుతుంది, ప్రతిధ్వని వచ్చి తగిలితే కరెంటు పుట్టిస్తుంది. 18 ఏళ్ల తర్వాత అదే పియర్, భార్య మేరీతో కలిసి పొలోనియం, రేడియం కనుగొన్నారు. యురేనియం లవణాల నుంచి వచ్చే అతి చిన్న విద్యుత్ ప్రవాహాన్ని మేరీ కొలిచింది కూడా ఆ అన్నదమ్ములు తయారుచేసిన క్వార్ట్జ్ పరికరంతోనే. ఇవాళ ఆయన పేపర్లను ఏదైనా సూచికలో పెడితే, పీజోఎలెక్ట్రిసిటీ (నొక్కితే విద్యుత్ పుట్టే ఆ గుణం), రేడియోధార్మికత పక్కపక్కన కనిపించి, "ఇది ఒక్కరేనా?" అని ఎవరో ఒకరు అడిగే ఉండేవారు.

ఆయన శిష్యుడు పాల్ లాంజెవిన్ మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో క్వార్ట్జ్‌తో నీటిలోకి అల్ట్రాసౌండ్ పంపి జలాంతర్గాములను పసిగట్టే పనిలో పడ్డారు. వైద్యంలోకి వచ్చిన దారి కూడా భౌతికశాస్త్రం గుండానే. 1953లో స్వీడన్‌లోని లుండ్‌లో ఇంగే ఎడ్లర్ అనే గుండె వైద్యుడు, కార్ల్ హెల్ముత్ హెర్ట్జ్ అనే భౌతికశాస్త్రవేత్త కలిసి గుండె గోడల కదలికను మొదటిసారి అల్ట్రాసౌండ్‌తో నమోదు చేశారు. లోహాల్లో పగుళ్లు వెతకడానికి తయారైన పరికరాన్ని మాల్మోలోని ఓడల కర్మాగారంలో చూసి, ఇది గుండెకూ పనికొస్తుందని అనుకున్నారు. హెర్ట్జ్ తండ్రి గుస్తావ్ హెర్ట్జ్, పరమాణువుల మీద ఎలక్ట్రాన్ల తాకిడి గురించి చేసిన పనికి 1925 నోబెల్ అందుకున్నవాడు. ఆ గుస్తావ్‌కు పెదతండ్రి అయిన హైన్రిష్ హెర్ట్జ్ పేరే ఇవాళ ప్రతి ప్రోబ్ మీదా మెగాహెర్ట్జ్ రూపంలో ఉంది.

ఈ కాలంలో ఇలా రంగం మారినవాళ్ల జాబితాకు ఒక ఆకారం ఉంటుంది. మొదట ఫిజిక్స్ డాక్టరేట్ చుట్టూ పేపర్ల గుంపు. తర్వాత వైద్య విద్య, రెసిడెన్సీ (ఆసుపత్రిలో స్పెషలిస్టు శిక్షణ) జరిగిన కొన్నేళ్లు సొంత పని దాదాపు శూన్యం. ఆ పైన ఒక కేసు రిపోర్టు, ఒక అరుదైన స్కాన్ బొమ్మ, ఎవరి అధ్యయనంలోనో మధ్యలో ఒక స్థానం, ఆనక మొదటి రచయితగా సొంత అధ్యయనం. విచిత్రం ఏమిటంటే, ఆ శూన్యంగా ఉండాల్సిన ఏళ్లలోనే ఫిజిక్స్ పేపర్లు వస్తూనే ఉంటాయి. పెద్ద ప్రయోగాల డేటా విశ్లేషణకు ఏళ్లు పడుతుంది. ఆ మనిషి వెళ్లిపోయినా, పరికరం కట్టడంలోనో నడపడంలోనో చేసిన పనికి గుర్తింపుగా కొంతకాలం పేరు జాబితాలో ఉంచుతారు. ఈ సంగతి తెలియకపోతే, రాత్రి డ్యూటీలు చేస్తూనే ఏడాదికి ఇరవై ఫిజిక్స్ పేపర్లు రాశారని ఆశ్చర్యపోతాం.

మొదటి పేరు, చివరి పేరు, అక్షరక్రమం

2015లో హిగ్స్ కణం ద్రవ్యరాశి మీద యూరప్ కణ భౌతిక ప్రయోగశాల సెర్న్‌లోని అట్లాస్, సీఎంఎస్ బృందాలు కలిసి ఫిజికల్ రివ్యూ లెటర్స్‌లో ఒక పేపరు వేశాయి. రచయితలు 5,154 మంది. 33 పేజీల్లో అసలు వ్యాసం, దాని ఆధారాలూ కలిపి 9 పేజీలు. మిగతా 24 పేజీలూ పేర్లు, సంస్థలే. అది కణ భౌతికం. న్యూక్లియర్ ఫిజిక్స్‌లో సీసపు కేంద్రకాలను ఢీకొట్టించే ఆలిస్ ప్రయోగానిదీ ఇదే తీరు, ఒక్కో పేపరుకు వెయ్యికి అటూ ఇటూ రచయితలు. పేర్లు సాధారణంగా అక్షరక్రమంలో ఉంటాయి. అక్కడ మొదటి పేరు ఎవరిదంటే, ఇంటిపేరు ఏ అక్షరంతో మొదలవుతుందో అని మాత్రమే జవాబు.

వైద్యంలో కథ పూర్తిగా వేరు. మొదటి రచయిత పనిలో ఎక్కువ భాగం చేసిన మనిషి, చివరి రచయిత ఆ బృందానికి పెద్దతల. మధ్యలోకి వెళ్లేకొద్దీ బరువు తగ్గుతుంది. వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ సంఘం రచయిత కావడానికి నాలుగు షరతులు పెట్టింది: పనిలో చెప్పుకోదగ్గ వాటా, రాతలో లేదా దిద్దుబాటులో పాలు, చివరి ప్రతికి ఆమోదం, మొత్తం పనికి జవాబుదారీ. ఈ నాలుగూ ఉండాలి. రోగులను చేర్చినంత మాత్రాన, డబ్బు తెచ్చినంత మాత్రాన రచయిత కాలేరు. ఇది కాగితం మీది మాట. విభాగాధిపతి పేరు మొహమాటానికి చేర్చడం ఆగిపోయిందని చెప్పలేం.

మొహమాటానికి కాకపోయినా సరదాకి పేరు చేర్చిన ఘటన న్యూక్లియర్ ఫిజిక్స్‌లోనే ఉంది. 1948లో మూలకాల పుట్టుక మీద రాల్ఫ్ ఆల్ఫర్, జార్జ్ గామోవ్ రాసిన పేపరులో, ఆల్ఫా-బీటా-గామా అని పలకడానికి బాగుంటుందని గామోవ్ తన స్నేహితుడు హాన్స్ బేతే పేరు కలిపేశారు. ఏప్రిల్ 1 సంచికలో వచ్చింది. డాక్టరేట్ కోసం చాకిరీ అంతా చేసిన ఆల్ఫర్‌కు ఆ సరదా ఏమంత రుచించలేదు.

అలాగని న్యూక్లియర్ ఫిజిక్స్ అంతా వేలమంది గుంపు అనుకోవద్దు. ఒక ఐసోటోపు శక్తిస్థాయిలను కొలిచే ప్రయోగానికి పది, ముప్ఫై మంది ఉండొచ్చు, అక్కడ మొదటి పేరు విశ్లేషణ చేసిన విద్యార్థిదే కావడం మామూలు. సిద్ధాంతం రాసేవాళ్లు ఇద్దరు ముగ్గురే ఉంటారు. కాబట్టి "ఫిజిక్స్ పేపర్లు 80" అని ఉంటే, అందులో రచయితలు వెయ్యి దాటినవి ఎన్ని, ముప్ఫైకి లోపు ఎన్ని అని విడదీయడమే నేనైతే చేసే మొదటి పని. ఆ చిన్న గుంపులో సాధారణంగా ఆ మనిషి థీసిస్ దొరుకుతుంది. అసలు పనితనం తెలిసేది అక్కడే.

హెచ్-ఇండెక్స్ పరువు పోయేది కూడా ఇక్కడే. కనీసం 20 సార్లు ఉదహరించిన పేపర్లు 20 ఉంటే హెచ్ 20. 2005లో దీన్ని ప్రతిపాదించిన హోర్హే హిర్ష్ స్వయంగా భౌతికశాస్త్రవేత్త. రంగాన్ని బట్టి ఈ అంకె మారుతుందనీ, పెద్ద బృందాలున్న చోట అది ఉబ్బుతుందనీ ఆయనే ఆ పేపరులో హెచ్చరించారు. సూత్రం అందరికీ గుర్తుంది, హెచ్చరిక ఎవరికీ గుర్తులేదు. పెద్ద బృందంలో మూడేళ్లు ఉండి వైద్యానికి వచ్చిన మనిషి హెచ్-ఇండెక్స్ 35 అనుకుందాం. అందులో 30 ఫిజిక్స్ నుంచే వచ్చి ఉండొచ్చు. ఐసీయూ అల్ట్రాసౌండ్‌లో ఆ మనిషి ఇప్పుడే మొదలుపెట్టి ఉండొచ్చు. ఒకే హెచ్-ఇండెక్స్ ఉన్న ఇద్దరు ఇంటెన్సివిస్టులను (ఐసీయూ వైద్య నిపుణులను) పక్కపక్కన పెట్టి పోల్చే కమిటీకి ఇది కనిపించదు.

అల్ట్రాసౌండ్ సగంలో ఏముంటుంది

గాలిలోకి అల్ట్రాసౌండ్ సరిగా పోదు. ఊపిరితిత్తి నిండా గాలే. అందుకే చాలాకాలం ఊపిరితిత్తులకు అల్ట్రాసౌండ్ పనికిరాదనే అనుకున్నారు. ఫ్రెంచ్ ఇంటెన్సివిస్ట్ డానియల్ లిక్టెన్‌స్టైన్ ఈ మాటను వెనక్కి తిప్పారు. ఊపిరితిత్తి బొమ్మ రాదు, నిజమే, కానీ తెర మీద వచ్చే అబద్ధపు గీతలు ఊరికే రావు. యంత్రం కొన్ని నమ్మకాల మీద పనిచేస్తుంది: శబ్దం సరళరేఖలో పోతుంది, శరీరంలో దాని వేగం సెకనుకు 1,540 మీటర్లు, ప్రతిధ్వని ఒక్కసారే తిరిగొస్తుంది. ఊపిరితిత్తి పొర దగ్గర ఈ నమ్మకాలు చెదురుతాయి. గాలి బాగా ఉంటే శబ్దం చర్మానికీ పొరకీ మధ్య అటూ ఇటూ కొట్టుకుని సమాన దూరాల్లో అడ్డగీతలు వేస్తుంది, అవి ఎ-లైన్లు. ఊపిరితిత్తి కణజాలంలో నీరు చేరితే పొర నుంచి కిందికి నిలువు చారలు దిగుతాయి, అవి బి-లైన్లు. 1997లో లిక్టెన్‌స్టైన్ బృందం ఈ చారలకూ ఊపిరితిత్తి జబ్బుకూ ఉన్న సంబంధాన్ని ప్రచురించింది. 2008లో చెస్ట్ పత్రికలో బ్లూ ప్రోటోకాల్, అంటే ఆయాసానికి కారణాన్ని అల్ట్రాసౌండ్‌తో వరుసగా వెతికే పద్ధతి, వచ్చింది. తీవ్రమైన ఆయాసంతో ఐసీయూకి వచ్చిన 260 మందిలో, ఈ పద్ధతి 90.5 శాతం మందికి సరైన కారణం చెప్పిందని అందులో ఉంది.

ఆ 90.5 శాతాన్ని ఎన్ని సెమినార్లలో చూపించి ఉంటారో. దాని కింద ఉన్న లెక్క మాత్రం తక్కువమంది చూపిస్తారు. అధ్యయనంలోకి మొదట వచ్చింది 301 మంది. చివరికి కారణం తేలనివాళ్లు, ఒకటి కంటే ఎక్కువ కారణాలున్నవాళ్లు, అరుదైన జబ్బులవాళ్లు లెక్కలోంచి పోగా మిగిలింది 260. ఐసీయూలో పనిచేసేవాళ్లను అడగండి, గుండె వైఫల్యమూ న్యుమోనియా రెండూ కలిసి వచ్చిన రోగి ఎంత తరచుగా కనిపిస్తారో. ఆ పేపరు గొప్పది, రంగాన్నే మార్చింది. దాని అంకెను చదవాల్సింది మాత్రం ఆ 260 మందికే.

ఇక్కడి పేపర్ల తూకం కూడా ఒకటే రకంగా ఉండదు. ఒక రోగి స్కాన్ బొమ్మతో అరపేజీ ఉత్తరం ఒక పేపరే. సీటీ స్కాన్‌తో పోల్చి వందలమందిలో ఖచ్చితత్వం తేల్చిన అధ్యయనమూ ఒక పేపరే. ఇద్దరు వైద్యులు ఒకే స్కాన్ చూసి ఒకే మాట చెబుతారా అని పరీక్షించేవి, రెసిడెంట్లకు ఎన్ని స్కాన్ల తర్వాత చేయి తిరుగుతుందో చూసేవి మధ్యలో వస్తాయి. సైటేషన్లు కుప్పపోసేవి సాధారణంగా మార్గదర్శకాలు. ఊపిరితిత్తుల అల్ట్రాసౌండ్ మీద 2012లో వచ్చిన అంతర్జాతీయ సిఫారసుల్లాంటి దాంట్లో ఒక పేరు ఉంటే, ఆ ఒక్క పేపరే మిగతా జాబితా మొత్తానికంటే ఎక్కువసార్లు ఉదహరించబడొచ్చు. దీన్ని తప్పుపట్టను. ఏకాభిప్రాయం తేవడం కూడా పనే. సొంత డేటా తేవడం మాత్రం వేరే పని.

రెండు సగాలూ నిజంగా కలిసే చోటు

ఫిజిక్స్ గతం ఐసీయూ పేపర్లలో ఎక్కడైనా కనిపిస్తుందా అని చూడటం నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. అది ఎక్కువగా కొలతల్లో దోషం ఎంతో అంచనా వేసే దగ్గర బయటపడుతుంది. కణ భౌతికంలో కొత్తది కనుగొన్నామని చెప్పాలంటే ఐదు సిగ్మాలు అడుగుతారు. అంటే ఏమీ లేకపోయినా కాకతాళీయంగా అలాంటి సంకేతం రావడానికి అవకాశం 35 లక్షల్లో ఒకటి. వైద్యంలో మామూలు గీత పి-విలువ 0.05, అంటే ఇరవైలో ఒకటి. రోగులను లక్షల్లో ఢీకొట్టించలేం కాబట్టి ఈ తేడా సహజమే. ఫిజిక్స్ నుంచి వచ్చినవాళ్లకు ఉండే అసలు అలవాటు వేరే: యాదృచ్ఛిక దోషాన్నీ, కొలిచే పద్ధతిలోనే ఉన్న దోషాన్నీ విడివిడిగా రాయడం.

గుండె నిమిషానికి ఎంత రక్తం పంపుతుందో అల్ట్రాసౌండ్‌తో కొలవడమే తీసుకోండి. ఎడమ జఠరిక నుంచి రక్తం బయటికి పోయే దారి వ్యాసం కొలిచి వైశాల్యం కడతారు. డాప్లర్‌తో (రక్తం వేగాన్ని చూపే అల్ట్రాసౌండ్ పద్ధతితో) ఒక్కో స్పందనకు రక్తం ఎంత దూరం కదిలిందో కొలిచి, దాంతో గుణిస్తారు. వ్యాసం 2 సెంటీమీటర్లు అయితే వైశాల్యం సుమారు 3.14 చదరపు సెంటీమీటర్లు. దూరం 20 సెంటీమీటర్లు, నిమిషానికి 80 స్పందనలు అనుకుంటే దాదాపు 5 లీటర్లు. ఇప్పుడు కొలిచే చేయి రెండే మిల్లీమీటర్లు తప్పి 1.8 అని రాసిందనుకుందాం. వ్యాసం వర్గంగా మారుతుంది కాబట్టి వైశాల్యం 2.54కి పడిపోతుంది, రక్తం 4 లీటర్ల చిల్లర అవుతుంది. కొలతలో 10 శాతం తప్పు ఫలితంలో 19 శాతమైంది. రోగికి ద్రవాలు ఎక్కించాలా వద్దా అన్న నిర్ణయం ఆ లీటరు చుట్టూ తిరగొచ్చు.

అందుకే చాలామంది ఇంటెన్సివిస్టులు వ్యాసం జోలికి పోకుండా, డాప్లర్ దూరం ఒక్కదాన్నే మందు ఇవ్వకముందు, ఇచ్చాక పోల్చుకుంటారు. ఒకే రోగిలో దారి వ్యాసం అంతగా మారదు కాబట్టి ఆ దోషం రెండువైపులా కొట్టుకుపోతుంది. డిటెక్టర్లతో పనిచేసినవాళ్లకు ఇది పాత పరిచయం. డిటెక్టర్ ఎన్ని కణాలను పట్టగలదో అనే తెలియని సామర్థ్యం రెండు కొలతల్లోనూ ఒకటే అయితే, వాటి నిష్పత్తి తీసుకుని దాన్ని వదిలించుకోవడం అక్కడ రోజువారీ పని. ఒక పరిశోధకుడి ఐసీయూ పేపరులో ఇలాంటి దోషాల పట్టిక కనిపిస్తే, మొదటి సగం రెండో సగానికి పనికొచ్చిందని చెప్పొచ్చు. కనిపించకపోతే తప్పేం లేదు, ఆ మనిషి ఫిజిక్స్‌ను వదిలేసి వైద్యం చేస్తున్నారు, అంతే.

అంకెల బదులు అడగాల్సినవి

పత్రిక ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌తో, అంటే ఆ పత్రికలోని పేపర్లకు సగటున వచ్చే సైటేషన్లతో, మనుషులను తూచవద్దని 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైన ప్రకటన మీద వేల సంస్థలు సంతకాలు చేశాయి. రంగం సగటుతో పోల్చి చెప్పే సైటేషన్ సూచికలూ వచ్చాయి. వాటిలో 1 అంటే ఆ రంగపు ప్రపంచ సగటు. మొత్తం అంకెలకంటే ఇవి మేలే, కానీ వెయ్యిమంది పేపరులో ఒక్కరి వాటా ఎంతో ఇవీ చెప్పవు. ఆ ఖాళీని కొంత పూరించేది రచయితల పాత్రలను 14 రకాలుగా విడగొట్టే క్రెడిట్ పద్ధతి. ఆలోచన ఎవరిది, డేటా ఎవరు సేకరించారు, సాఫ్ట్‌వేర్ ఎవరు రాశారు, మొదటి ప్రతి ఎవరు రాశారు అని పేపరు చివర ఉంటుంది. ఐసీయూ పత్రికల్లో ఇది ఇప్పుడు తరచుగా దొరుకుతుంది. పెద్ద ఫిజిక్స్ బృందాల్లో ఇలాంటి సమాచారం ఎక్కువగా బృందం లోపలి పత్రాల్లోనే ఉండిపోతుంది. బయటివాళ్లకు మిగిలేది థీసిస్, సమావేశాల్లో ఇచ్చిన ప్రసంగాలు, సిఫారసు ఉత్తరాలు.

ఇలాంటి జాబితా ఉన్నవాళ్లు తమ సీవీలో రెండు సగాలనూ వేరుచేసి రాసుకోవడం మంచిదని నా అభిప్రాయం. బృందం పేపర్లకు ఒక పేరా: ఏ ప్రయోగం, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా, అందులో తాను కట్టింది లేదా విశ్లేషించింది ఏమిటి. చిన్న పేపర్లూ వైద్య పేపర్లూ ఒక్కోటి విడిగా, తన పాత్రతో సహా. ఎంపిక కమిటీలో ఉన్నవాళ్లు ఐసీయూ సగం నుంచి రెండు మూడు పేపర్లు తీసి, స్కాన్ చేసిన వైద్యుడికి రోగి సీటీ ఫలితం ముందే తెలుసా, రోగులను వరుసగా తీసుకున్నారా, వీలున్నప్పుడు ఏరుకున్నారా, ప్రోబ్ ఎందరి చేతుల్లో ఉంది అని చూడాలి. ఇంటర్వ్యూలో ఆ మనిషినే అడిగినా ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. సొంతంగా చేసినవాళ్లు ఏ స్కాన్లు పారేయాల్సి వచ్చిందో కూడా చెబుతారు.